రెండో కొక్కెం

కాళ్లకింద ఇంత చల్లగా ఉందేమిటా అనుకునేసరికి ఆర్విడ్‌కి తెలిసింది, తను మేజోళ్లతో నిలబడ్డాడని, బూట్లు వెనక గదిలో ఉన్నాయని, అది గదా, కాదు, మ్యూజియంలో ఎవరో కళాకారిణి ప్రదర్శనకి పెట్టిన ఇంటి గుమ్మం, కానీ డులూత్‌లో ఏ ఇంటి గుమ్మం చూసినా అంతేగా, మంచు కారడానికి బూట్ల పళ్లెం, గోడకి రెండు కొక్కేలు, మొదటిదానికి ఆడవాళ్ల నీలం కోటు, రెండోది ఖాళీ, మంచులోంచి వచ్చినవాడి చెయ్యి ఊరుకుంటుందా, కోటు తీసి తగిలించింది, కాళ్లు బూట్లు విడిచాయి, బుర్ర మాత్రం పక్కగదిలో బొమ్మలు చూస్తోంది, ఇంటావిడ ఇన్‌గ్రిడ్ ఉండివుంటే, అయ్యో, ఉండివుంటే ఈపాటికి గోడకి చేరబడి పొట్ట పట్టుకుని నవ్వేది.

వెనక్కి వెళ్తే అక్కడ ఒక పడుచు జంట, ఆ పిల్ల అంటోంది, చూడు, ఈ కోటుకి గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు, పాపం ముసలాయన, పెళ్లాం పోయిందని ఒక్క పిన్నీసుతో ఎంత బాగా చెప్పిందో ఈ కళాకారిణి, కుర్రాడు అంటున్నాడు, పోయిందో పారిపోయిందో, ఆ బూట్ల కంపుకి నేనైనా పారిపోదును, ఛీ నోర్ముయ్ అంటూనే ఆమె పకపకా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, అది నా కోటమ్మా అని ఎలా చెప్పడం, చెవులు కాలిపోతున్నాయి, నేల చీలితే బాగుండును, ఇంతలో పక్కన కాపలా ఆవిడ, తన ఈడుదే, ముందుకి చూస్తూనే గొణిగింది, మీదేనా పెద్దాయనా, చెప్పక్కర్లేదులెండి, మేజోడు చిల్లులోంచి మీ బొటనవేలు బయటికొచ్చి చెబుతోంది, అతను వేలు ముడుచుకున్నాడు, ఆవిడ నవ్వు నమిలి మింగి, వాళ్లని పోనివ్వండి, అందాకా నా వెనక నిలబడండి అని, తన వెడల్పంతా అతని పాదాలకి అడ్డం పెట్టింది.

పిన్నీసా ఆర్విడ్, దాంతోనే చర్చికొస్తావా, సిగ్గులేదూ, అని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వేది ఇన్‌గ్రిడ్, అప్పుడూ చెవులు ఇలాగే కాలేవి, పోయిన వసంతంలో ఆమెని సాగనంపిన దగ్గర్నుంచి అందరూ మంచివాళ్లైపోయారు, వేడి వంటకం గిన్నెతో తెచ్చి గుమ్మంలో పెడతారు, గొంతు తగ్గించి మాట్లాడతారు, పిన్నీసు చూసి చూపు తిప్పుకుంటారు, అంత జాలి, అంత మర్యాద, ఒక్కరూ, అవును, ఇన్నాళ్లలో ఒక్కరూ తనని చూసి నవ్వలేదు, ఇవాళే, ఆ పిల్ల ఇంకా నవ్వుతోంది, ఆర్విడ్ కాపలా ఆవిడ వీపు చాటున, చల్లటి నేలమీద, కాలుతున్న చెవులతో, కదలబుద్ధికాక, చలి కాచుకుంటున్నవాడిలా నిలబడ్డాడు.