మూడు వేలమందికి వంటవాడు

ఇలా దగ్గరికి రా, తల్లీ. అంత దూరంలో కూర్చుంటే నేను గొంతు పెంచాలి, ఈ కథ గొంతు పెంచి చెప్పేది కాదు. ఆ దిండు తెచ్చుకుని నా పక్కన చేరు. ఊఁ, ఇప్పుడు విను.

రైలు పట్టాల గోడ వెనక సందులో ఇస్త్రీ పెద్దమ్మ అని ఒకావిడ ఉండేది. ఇంటి ముందు గదిలో బల్ల, బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, పక్కన బొగ్గుల పెట్టె, గోడకు ఆనించి జనం బట్టల మూటలు. చొక్కా చేతిలోకి తీసుకుందంటే చాలు, దాన్ని తొడుక్కున్న మనిషి జాతకం చెప్పేసేది. "వీడు మోచేతులు బల్లకేసి రుద్దే రకం. పని తక్కువ, ఆలోచన ఎక్కువ" అనేది. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు.

ఆవిడ మొగుడు ఆసుపత్రి వంటగదిలో వంటవాడు. పెళ్ళికి ముందు, వయసులో ఉండగా యుద్ధానికి వెళ్ళొచ్చాడు. దాని గురించి ఆయన చెప్పింది ఒక్కటే మాట. "మూడు వేలమందికి వండాను."

"ఏం వండావయ్యా అంతమందికి?" అని ఆవిడ అడిగితే, "పొగ" అనేవాడు. అని, పొయ్యి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరో పిలుస్తారేమో అన్నట్టు చెవి రిక్కించి వినేవాడు. మొగుడికి పొయ్యి దగ్గర ఆ అలవాటు ఎందుకొచ్చిందో పెద్దమ్మ ఎన్నడూ ఆరా తీయలేదు. మగవాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందిలే అని సర్దుకుపోయింది.

ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. అప్పుడు వచ్చిపడింది గొడవ.

ఆ ఊళ్ళో పాత సిపాయిల సంఘం ఒకటి ఉంది. దానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. తనూ సిపాయిగా చేసినవాడే, నిక్కచ్చి మనిషి. ఎక్కడో కొందరు బజార్లో పతకాలు కొనుక్కుని ఛాతీకి తగిలించుకుని తిరుగుతున్నారని ఆయన చెవిన పడింది. ఇక మా సంఘంలో ఒక్క దొంగ సిపాయి కూడా ఉండటానికి వీల్లేదని, ముసలివాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అడగటం మొదలుపెట్టాడు. వంటాయనతో పాటు ఒకే చోట పనిచేసిన పాత స్నేహితులు ఇద్దరున్నారు. ఒకాయన దర్జీ, ఇంకొకాయనది సైకిల్ షాపు. ముగ్గురూ చెప్పిన చోటు ఒకటే, కొండల మధ్య ఒక లోయ. ఆ లోయలో ఏ సైన్యమూ దిగినట్టు రికార్డుల్లో లేదు.

"అక్కడ ఎంతమంది ఉండేవాళ్ళు?" అని అడిగాడు కార్యదర్శి.

"ముగ్గురం" అన్నాడు దర్జీ.

"ముగ్గురమే సారూ" అన్నాడు సైకిల్ షాపాయన.

వంటాయన మాత్రం కుర్చీలోంచి లేచి, నడుము నిటారుగా చేసి, "మూడు వేలమంది" అన్నాడు.

ఇంకేముంది, దొరికిపోయారనుకున్నాడు కార్యదర్శి. ముగ్గురి ఫొటోలూ సంఘం తలుపు అద్దానికి అంటించి, పైన 'దొంగ సిపాయిలు' అని రాయించాడు. సందు మొత్తం బుగ్గలు నొక్కుకుంది. ఆసుపత్రి వంటగదిలో కుర్రకారు, "ఏం పెద్దాయనా, ఇవాళ ఎన్ని వేలమందికి?" అని గరిటెతో గిన్నె వాయించి మరీ ఎగతాళి చేశారు. ఆయన తిండి తగ్గించాడు. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు వాలిపోయాడు.

పోయే ముందు రోజు పెళ్ళాన్ని ఒకే ఒక్కటి కోరాడు. "నన్ను సిపాయిల తోటలో పెట్టించు. ఇంకెక్కడ పెట్టినా వాళ్ళకు తెలియదు" అన్నాడు. సిపాయిల తోట అంటే యుద్ధం చేసినవాళ్ళను మాత్రమే పూడ్చే చోటు. ఆ 'వాళ్ళు' ఎవరో ఆయన చెప్పలేదు.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని సంఘానికి వెళ్ళింది. శవం ఆసుపత్రి చల్లగదిలో ఉంది, రేపటి వరకే ఉంచుతామన్నారు.

"కుదరదమ్మా" అన్నాడు కార్యదర్శి. "పాపం అనిపిస్తుంది, కానీ కుదరదు. ఆ ఇద్దరూ ముగ్గురమే ఉన్నామన్నారు. మీ ఆయన మరీ మూడు వేలన్నాడు. అబద్ధానికైనా ఒక హద్దుండాలి కదా!"

"మా ఆయన అబద్ధాలాడే మనిషి కాదు సారూ."

"మీతో ఏమన్నాడు?"

"మూడు వేలే అన్నాడు."

"చూశారా? మీతోనూ అదే అబద్ధం ఆడాడు."

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. తోటలో చోటు దొరక్కపోవటం ఒక ఎత్తు, ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి బొంకులరాయుడని తేలటం ఇంకో ఎత్తు. తిన్నగా దర్జీ కొట్టుకు పోయింది. సైకిల్ షాపాయన కూడా అక్కడే తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా దర్జీ, నా కళ్ళలోకి చూసి చెప్పు. మీరు ముగ్గురా, మూడు వేలా?"

దర్జీ కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. "ముగ్గురమే వదినా."

"అయితే ఆయన నాకెందుకు అబద్ధం చెప్పాడు?"

"చెప్పలేదు వదినా. ఆర్డరది."

అప్పుడు చెప్పాడు. కొండకు అవతల శత్రువులు దుర్భిణీలు పెట్టి చూస్తుండేవాళ్ళు. ఆ లోయలో పెద్ద సైన్యం దిగిందని వాళ్ళను నమ్మించాలి. ఒక అధికారి ఈ ముగ్గురినీ, బోలెడు ఖాళీ గుడారాలనూ అక్కడ దింపి వెళ్ళాడు. ఎవరు అడిగినా మూడు వేలమంది ఉన్నామని చెప్పండి, నేను మళ్ళీ వచ్చి చెప్పేదాకా ఇదే మాట, అన్నాడు. వెళుతూ వెళుతూ దారిలోనే చచ్చిపోయాడు. ఈ ముగ్గురి సంగతి తెలిసినవాడు ఇంకొకడు లేడు.

"దర్జీ పని తాళ్ళ మీద చొక్కాలు ఆరేయటం" అన్నాడు సైకిల్ షాపాయన. "కొండవాలు నిండా చొక్కాలే. తొడుక్కునేవాడు లేడు. నా పని అడుగులు. చక్రానికి బూటు అట్టలు బిగించి దొర్లిస్తే ఒక దళం నడిచినట్టు చప్పుడు. మీ ఆయన పని పొయ్యిలు. తెల్లారేసరికి లోయ పొడుగునా పొగ లేవాలి. గిన్నెల్లో ఏమీ ఉండేది కాదు."

"పొగ వండానని చెప్పేవాడు" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "నేను వేళాకోళం అనుకున్నాను."

"మొదట్లో మాకూ అంతా వేళాకోళంగానే ఉండేది వదినా. చలికాలం వచ్చాక..." దర్జీ మిషను మీది గుడ్డ మడతపెట్టసాగాడు.

"చెప్పవయ్యా."

"పొద్దున ఉతికి ఆరేసిన చొక్కాలు సాయంత్రం తీస్తే కాలర్లు మురికిగా ఉండేవి. చెమట వాసన. అన్నీ ఒకేలాంటి మురికి కాదు. నువ్వు ఇస్త్రీ చేసేదానివి, నీకు తెలుసు, ఒక్కో మెడది ఒక్కో గీత. భయమేసి మీ ఆయనకు చూపించాను. ఆయన భయపడలేదు. 'పాపం, ఆకలిగా ఉంటార్రా' అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి గిన్నెలోనూ పిడికెడు గింజలు వేసి ఉడికించేవాడు. పొద్దున చూస్తే గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉండేవి. మేమిద్దరం అటు పోవటం మానేశాం. ఆయన మాత్రం 'ఇవాళ ఉప్పు తక్కువైందంటున్నారు' అనేవాడు."

పెద్దమ్మ పక్కనున్న చొక్కా కాలరును వేలితో తడిమింది. భయమేసినా, ఒక చిక్కుముడి విడిపోయినట్టు అనిపించింది.

"ఆర్డరు వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు కదరా అనేవాడు" అన్నాడు సైకిల్ షాపాయన. "యుద్ధం అయిపోయింది కదా అని మేం నిజం చెప్పాం. ఆయన మాట తప్పలేదు. ముగ్గురం మునిగాం."

పెద్దమ్మ లేచి కొంగు బిగించింది. "లేవండి. ఇదే ముక్క ఆ సారుకు చెబుదురుగాని."

చెప్పారు. కార్యదర్శి అంతా విని నుదురు రుద్దుకున్నాడు. "పెద్దవాళ్ళు, మిమ్మల్ని అనటానికి నాకు నోరు రావటం లేదు. లేని సైన్యంలో పనిచేశామంటారు. ఉందని చెప్పే మనిషి ఒక్కడూ బతికిలేడంటారు. నేనేం చెయ్యను?"

"ఒక్కసారి వినండి సారూ" అన్నాడు సైకిల్ షాపాయన. బయటికి వెళ్ళి షాపు నుంచి చక్రం దొర్లించుకొచ్చాడు. చుట్టూ చెప్పుల అట్టలు తీగతో బిగించి ఉన్నాయి. దర్జీ ఒక గొలుసు పట్టుకున్నాడు. లోయలో వంటాయన వాయించిన సత్తు పళ్ళేల తాడు కూడా తెచ్చారు, దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు.

"ఇలా ఇవ్వు" అంది పెద్దమ్మ.

సంఘం భవనంలో పొడుగాటి వసారా ఉంది. రెండు వైపులా మూసిన గదులు, చివర మెట్లు. ఎండ ఇంకా కిటికీల్లోంచి నేల మీద పలకలు పలకలుగా పడుతోంది. సైకిల్ షాపాయన చక్రం దొర్లించాడు. దర్జీ గొలుసును నేలకు తాటించాడు. పెద్దమ్మ తాడు ఊపింది. దబ్, దబ్, దబ్. ముసలి చేతులు. అయినా ఒక దళం నడిచివస్తున్నట్టే ఉంది. కార్యదర్శి ముఖంలో చిన్న నవ్వు కదిలింది. బాగానే ఉంది, ఆటబొమ్మలాగా ఉంది అన్నట్టు.

వసారా చివర సైకిల్ షాపాయనకు ఆయాసం వచ్చింది. చక్రం గోడకు ఆనించాడు. దర్జీ గొలుసు వదిలేశాడు. పెద్దమ్మ పళ్ళేలను ఒళ్ళో పొదివి పట్టుకుంది.

అడుగులు ఆగలేదు.

మెట్ల కింద నుంచి వస్తున్నాయి. పైకి ఎక్కుతున్నాయి. వసారాలోకి వచ్చాయి. ఎండ పలకల్లో దుమ్ము లేచింది, నీడ మాత్రం పడలేదు. పెద్దమ్మ చెవి పక్క నుంచి వరసలు వరసలుగా వెళుతున్నాయి. బొగ్గుపొగ వాసన, తడి ఉన్ని వాసన, ఎన్నో రోజులు స్నానం లేని మగవాళ్ళ వాసన. ఆవిడ గోడకు అతుక్కుపోయింది. చివరికి అన్ని అడుగులూ ఒక్కసారిగా, దబ్బున, ఆగాయి. వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఖాళీ ఇంట్లో నిశ్శబ్దం నువ్వు వినే ఉంటావు, తల్లీ. ఇది అది కాదు. ఊపిరి బిగబట్టి జనం నిలబడితే గాలి బరువెక్కుతుంది చూడు, అదీ. కార్యదర్శి సిపాయి. ఆ బరువు ఆయనకు తెలుసు. ముఖం సున్నం కొట్టినట్టయింది. చేతులు వాటంతట అవే ప్యాంటు పక్కలకు అంటుకున్నాయి. నోట్లోంచి, తనకు తెలియకుండానే, పాత కేక బయటికొచ్చింది.

"విశ్రామ్!"

భవనమంతా ఒక్క అదురు అదిరింది. పైకప్పు నుంచి సున్నం రాలి ఆయన భుజాల మీద పడింది. అంతే, గాలి తేలికైపోయింది. వసారాలో మిగిలింది వాళ్ళు నలుగురే.

కార్యదర్శి తలుపు దగ్గరికి వెళ్ళి గోళ్ళతో ఆ ఫొటోలు గీకి తీశాడు. తిరిగొచ్చి, "రేపు నేనూ వస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు సిపాయిల తోటలో గొయ్యి తవ్వి ఉంచారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు తలా ఒక పిడికెడు మట్టి వేస్తారు, మిగతాది కాటికాపరి పారతో పూడుస్తాడు. పెద్దమ్మ ఒక పిడికెడు వేసింది. దర్జీ, సైకిల్ షాపాయన, కార్యదర్శి వేశారు. అంతే జనం. సందులోంచి ఇంకెవరూ రాలేదు.

"ఇంతేనా?" అన్నాడు కాటికాపరి, పెదవి విరిచి. "ఇంత పేరున్న తోటలో నలుగురు. నా నడుము పడిపోవటం ఖాయం ఇవాళ. ఉండండి, పార కొట్టంలో ఉంది." గొణుక్కుంటూ వెళ్ళాడు. వీళ్ళు చేతులు కడుక్కోవటానికి గేటు పక్కనున్న పంపు దగ్గరికి నడిచారు.

పెద్దమ్మ మనసు కుదురుగా లేదు. వసారాలో విన్నది విన్నాను, కానీ అది ముసలి చెవుల భ్రమ అయితే? ఆ చోటు సంపాదించి పెట్టాను, ఆయన మాట నిజమని నేను నమ్మానా? నీళ్ళ కింద చేతులు పెట్టి అదే అనుకుంటోంది. అప్పుడు కాటికాపరి అరుపు వినిపించింది.

పరిగెత్తారు. గొయ్యి లేదు. నేల పైకంటా నిండి, గుండ్రంగా దిబ్బ కట్టి ఉంది. పక్కన పోసిన మట్టికుప్ప మాయం. కాటికాపరి చేతిలో పార శుభ్రంగా ఉంది, వాడు కళ్ళు తేలేసి నిలబడ్డాడు.

"ఎవరు పూడ్చారు? నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి..."

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. దిబ్బ మట్టి అంతా పిడికెడు పిడికెడు ముద్దలు. ఒక్కో ముద్ద మీద వేళ్ళు నొక్కిన గుర్తులు. పెద్ద చేతులవి ఉన్నాయి, పిల్లవాడివంటి సన్నటి వేళ్ళవి ఉన్నాయి, రెండు వేళ్ళు లేని చేతిది కూడా ఉంది. ఆవిడ వాటిని ఒక్కటొక్కటిగా తాకింది, చొక్కాల కాలర్లు తాకినట్టు. చాలాసేపు తాకింది. ఏడవలేదు. ముఖంలో ఒక వెలుగు.

"ఏమయ్యా దర్జీ" అంది, తల ఎత్తకుండా. "నువ్వు సారుకు తప్పు లెక్క చెప్పావు."

దర్జీ వంగి ఒక ముద్దను తాకాడు. "అవును వదినా" అన్నాడు.

కార్యదర్శి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అందరూ వెళ్ళిపోదామని కదిలినా ఆవిడ ఇంకాస్త సేపు కూర్చుంటానంది. కూర్చుని, మొగుడితో మాట్లాడినట్టు మెల్లిగా ఏదో అంది. ఏమందో దగ్గరున్న నాకు, అంటే అప్పుడు ఆ తోటలో పూలకుండలకు నీళ్ళు పోస్తున్న పిల్లకు, ఒక్క ముక్కే వినపడింది. "నమ్మలేదు, ఏమనుకోకు" అంది.

ఇదమ్మా కథ. ఆ ముగ్గురిలో ఎవరూ లేరిప్పుడు, పెద్దమ్మా లేదు, కార్యదర్శీ లేడు. ఆ వంటాయన పేరు ఏ రాయి మీదా చెక్కలేదు. నీ నోట్లో ఉంటేనే ఆయన ఉన్నట్టు. కాబట్టి మరిచిపోకు, బంగారూ. నీ పిల్లలను ఇలాగే దగ్గరికి తీసుకుని చెప్పు, వాళ్ళ పిల్లలకు చెప్పమను. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. నువ్వు మాత్రం చెప్పటం ఆపకు.