పక్క సీటు తలుపు

మా నాన్న నెర్సెస్ కారు సీట్ల పనిలోకి రాకముందు చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు, పైగా గొప్పగా చెప్పుకునేవాడు. "నడిచే మనిషి బరువు మోసే కుట్టు వేసినవాణ్ణి, కూర్చునే మనిషి బరువు నాకో లెక్కా" అనేవాడు. మేముండే పేట బుర్జ్ హమ్మూద్‌లో మా ఆర్మేనియన్ల సందుల్లో చెప్పుల పనివాళ్ళకు కొదవ లేదు కాబట్టి ఆ మాట ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఇప్పుడు ఆయన కళ్ళకు పొరలు కమ్మేశాయి. కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళను అడుగుల చప్పుడుతో పోల్చుకుని పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంటాడు. పనంతా నాది. ఆడదానివి నీకెందుకే ఈ జిగురు కంపు అన్న మగమహారాజుల కార్లు కూడా చివరికి నా దగ్గరికే వచ్చాయి. వాళ్ళను కావాలనే నాలుగుసార్లు తిప్పుకుని ఇచ్చాను.

ఆ ఎండాకాలం ఉమ్ నదీమ్, అంటే నదీమ్ వాళ్ళమ్మ, తన కొడుకు కారును మెకానిక్ చేత నడిపించుకుని మా కొట్టుకు వచ్చింది. ఎర్రటి రెండు సీట్ల ఇటలీ కారు. మా దేశపు అంతర్యుద్ధానికి ముందు అలాంటి కారులో సముద్రం ఒడ్డున తిరిగితే ఆడపిల్లలు తలలు తిప్పి చూసేవాళ్ళట. పక్క సీటు వైపు తలుపుకు లోపల ఉండే డోర్ ప్యాడ్ ఊడిపోయి, కింది క్లిప్పు ఒక్కదాని మీద వేలాడుతోంది.

"సిరార్పీ, దీని పని చూడవే తల్లీ" అంది కారు దిగుతూనే. "వాడొచ్చి చూశాడంటే నా దుమ్ము దులుపుతాడు. సీటు మీద పెసరబద్దంత మరక పడితే అన్నం మానేసేవాడు."

"చూస్తాలే పిన్నీ. ఏమంత తొందర?"

"తొందరేమిటా? వార్తలు వినవా నువ్వు? పక్క దేశం జైళ్ళలోంచి మనవాళ్ళను కొందర్ని వచ్చే నెల వదులుతున్నారట. నా మాట రాసిపెట్టుకో, మొదటి బస్సులోనే వస్తాడు."

నదీమ్ ఆమెకు ఒక్కడే కొడుకు. యుద్ధం రోజుల్లో ఒక పొద్దున సిగరెట్లకని కారు తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మనిషి రాలేదు గానీ కొన్నాళ్ళకు కారు వచ్చింది. తెల్లారి లేచి చూస్తే ఆమె ఇంటి కిందే ఆపి ఉంది, తాళంచెవి దానికే ఉంది, లోపలంతా కడిగి తుడిచి షోరూములోంచి తెచ్చినట్టు ఉంది. తెచ్చింది ఎవరో ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచీ ఆమెది ఒకటే వాదం. చంపినవాడు కారు కడిగించి ఇంటికి తెచ్చి పెడతాడా? నా కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడు, అమ్మకు కారు అందాలని వాడే పంపించాడు అనేది. మా చుట్టుపక్కల ఆ మాట వినని వాళ్ళు లేరు, కాదన్నవాళ్ళూ లేరు. దేవుడు తెచ్చిస్తాడులే అని తప్పుకునేవాళ్ళం. నేనూ ఆ తప్పుకున్నవాళ్ళలో ఒకదాన్నే.

"ఉస్తాద్, నీ కూతురు నోరు పెద్దది గానీ పని బాగా చేస్తుంది" అంది మా నాన్నతో.

ఎప్పుడూ అయితే ఆయన ఒకటికి రెండు అంటించేవాడు. ఆ రోజు తల మాత్రం ఊపాడు. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

ఆమె వెళ్ళాక పనిలో దిగాను. అద్దం తిప్పే పిడి విప్పి, పలచటి చెంచాలాంటి పనిముట్టుతో ఆ మిగిలిన క్లిప్పును పైకి లేపగానే ప్యాడ్ నా చేతుల్లోకి వచ్చేసింది. ముందు నాకు జిగురు మీద చిరాకేసింది. అట్టకూ రెక్సిన్‌కూ మధ్య పసుపుపచ్చగా పెళుసెక్కి, గోరు తగిలితే పొడిపొడిగా రాలుతోంది. అది చెప్పుల జిగురు. చెప్పుల కింద చల్లటి నేల మీదయితే ఏళ్ళు పట్టుకుంటుంది గానీ, రేకుల షెడ్డులో కాగిపోయే కారు లోపల దాన్ని ఎవరైనా వాడతారా? కార్ల పని మొదటి నుంచీ నేర్చుకున్నవాడెవడూ ఆ పొరపాటు చెయ్యడు. ఏ దద్దమ్మ చేశాడో అని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ప్యాడ్‌ను వెనక్కి తిప్పాను.

అంచు చుట్టూ మైనం రాసిన దారంతో, తోలుకు చిల్లు చేసే ఆరెతో పొడిచి, రెండు సూదులు ఎదురెదురుగా లాగిన కుట్టు ఉంది. పని అయ్యే చోట రెండు దారాలనూ లోపలికి మడిచి మెలివేసి దాచిన ముడి ఉంది. అవతలి తలుపుకు ఫ్యాక్టరీ వాళ్ళ మిషను కుట్టు ఉంది. ఈ ముడి నాకు పదేళ్ళ వయసులో మా నాన్న తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడు. మా ఇంట్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

అప్పుడు తలుపు రేకు వైపు చూశాను. ఇంటి గోడలకు వేసే పెయింటు ఎవరో బ్రష్షుతో పూసి ఉన్నారు. మధ్యలో ఒకచోట లప్పం కూరి ఉంది. దాన్ని గోకితే గుండ్రటి చిల్లు బయటపడింది. రేకు అంచులు బయటి వైపుకు వంగి ఉన్నాయి, అంటే తూటా లోపలి నుంచి తగిలింది. కింద రెండు రేకులు కలిసే సందులో, బ్రష్షు దూరని చోట, నల్లగా గోధుమరంగుగా ఏదో గడ్డకట్టి ఉంది. తుప్పు కాదు. తుప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

షట్టరు సగం దించి, ప్యాడ్ తీసుకెళ్ళి నాన్న ఒళ్ళో పెట్టాను.

"ఇదెవరు కుట్టారు నాన్నా?"

ఆయన వేళ్ళు అంచు వెంట నడిచి, ముడి దగ్గర ఆగిపోయాయి.

"మూసెయ్ అమ్మాయ్" అన్నాడు. "కొత్త జిగురు పెట్టి మూసెయ్."

"మూస్తాను. ముందు చెప్పు."

 నేను అక్కణ్ణుంచి కదల్లేదు. ఆఖరికి చెప్పాడు. తుపాకులతో ఇద్దరు వచ్చారట. నేను లోపల గదిలో అమ్మ పక్కన ఉన్నానట. పక్క సీటూ ఆ తలుపూ ఇంకా తడిగా ఉన్నాయట. సాయంత్రానికల్లా కొత్త కారులా ఉండాలి, లేకపోతే నీ కొట్టూ ఉండదు నువ్వూ ఉండవు అన్నారట.

"పక్క సీటు ఎందుకు నాన్నా? కారు అతనిదేగా?"

"వాళ్ళే నడిపి ఉంటారు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటారు."

"ఎవరి కారో నీకు తెలుసా?"

"ఆ రోజు తెలీదు. తర్వాత ఆమె, కొడుకు ఆ కారు పక్కన నిలబడ్డ ఫొటో పట్టుకుని కొట్టుకొట్టుకూ తిరుగుతూ ఇక్కడికీ వచ్చింది. ఈ అబ్బాయిని చూశావా ఉస్తాద్ అని అడిగింది. చూడలేదన్నాను. నిజమే కదా, మనిషిని నేను చూడలేదు."

"అబ్బో, ఎంత తెలివి! చదువుకుని ఉంటే వకీలు అయ్యేవాడివి" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. "సరే, అప్పుడు భయం. యుద్ధం అయిపోయాక?"

"అయిపోయాక సిగ్గేసింది."

"కారు తిరిగి ఎందుకు ఇచ్చారు మరి?"

"వాళ్ళలో ఒకడు అంటుంటే విన్నాను. కారు ఇంటికి చేరితే తల్లి గొడవ చెయ్యదు, కొడుకు ఎక్కడో ఉన్నాడనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, వాళ్ళెవరో నాకు తెలీదు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి మీద. "ఏదో ఒక రెక్సిన్ ముక్క అడ్డంగా అతికించి పంపలేకపోయావా? మర్నాడే ఊడిపోయేది, ఆమె ఆ చిల్లు చూసేది, ఏడ్చి ఊరుకునేది! ఇంత బాగా కుట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"పాడుగా చెయ్యడం నా చేతికి రాదమ్మా" అన్నాడు. ఏడుస్తున్నాడు. నాకు జాలి కలగలేదు. కలిగి ఉంటే బాగుండేది.

ఆమె బతుకంతా నిలబెట్టింది ఆ పనితనమే. శుభ్రంగా ఉన్న ఆ కారును చూసుకునే ఆమె మళ్ళీ పెళ్ళి మాట వద్దంది, ఊరు మారనంది, కొడుకు చచ్చిపోయాడన్న కాగితం మీద సంతకం పెట్టమని చుట్టాలు అడిగితే మెట్ల మీంచి తరిమింది. చెబితే ఆమెకు వచ్చే నెల ఉండదు. చెప్పకపోతే ఆ బస్సులు వస్తాయి, ఖాళీగా వెళ్ళిపోతాయి, ఆమె ఇంకో నెల కోసం చూస్తుంది. ఏది పాపమో నాకు తేలలేదు. ప్యాడ్‌కు కొత్త స్పాంజి కోసి పెట్టుకున్నాను, వేడికి ఆగే జిగురు డబ్బా మూత తీశాను, మళ్ళీ మూసేశాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఖర్జూరం కూరిన బిస్కెట్ల పళ్ళెంతో వచ్చింది. "అయిందా? ఇంకా తలుపు బోసిగానే ఉందేమే? పని దొంగా!" అని నా చెంప మీద తట్టి, కారు వైపు నడవబోయింది.

నేను అడ్డం వెళ్ళాను.  ఊరందరి మీదా లేచే నా నోరు అప్పుడు నాకు అక్కరకు రాలేదు.

"ఉమ్ నదీమ్" అన్నాడు మా నాన్న కుర్చీలోంచి. "ఆ కారు కడిగింది నేనే."

ఆమె ఆగి, వెనక్కి తిరిగింది. నేనెన్నడూ చూడని వెలుగు వచ్చింది ఆ ముఖంలోకి. పళ్ళెం నా చేతిలో పడేసి, గబగబా వెళ్ళి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వా ఉస్తాద్? నువ్వా! ఇన్నేళ్ళూ చెప్పవేమయ్యా? ప్రతి ఆదివారం కొవ్వొత్తి పెట్టాను, నా బిడ్డ కారు కడిగిన చేతులు చల్లగా ఉండాలని. ఎవరో తెలీదు తల్లీ, నీకు తెలుసు కదా అని మరియమ్మకు చెప్పుకున్నాను. నువ్వేనా!" వంగి ఆ చేతిని ముద్దు పెట్టుకుంది. "చెప్పు, వాడే తెచ్చాడా నీ దగ్గరికి? ఎలా ఉన్నాడు? ఏమన్నాడు?"

"వాడు తేలేదమ్మా."

"మరి? ఎవరి చేత పంపాడు?"

మా నాన్న చెప్పాడు. తలవంచుకుని, ఒక్క మాట దాచకుండా, తనకు అనుకూలంగా ఒక్క మాటా కలపకుండా చెప్పాడు. తడిసిన సీటు గురించి చెప్పాడు, చిల్లు గురించి చెప్పాడు, ఫొటో తెచ్చిన రోజు తాను ఆడిన అబద్ధం గురించీ చెప్పాడు. ఆమె సగం దాకా ఆ చెయ్యి పట్టుకునే వింది. తర్వాత వదిలేసింది. రుమాలు తీసి పెదవులు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. నాన్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"ఎక్కడ పెట్టారు వాణ్ణి?"

"తెలీదమ్మా. దేవుడి మీద ఒట్టు, అది మాత్రం తెలీదు."

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొడితే ఆపకూడదని నిలబడ్డాను. ఆమె కారు దగ్గరికి వెళ్ళి, తలుపు తెరిచి, ఆ రేకు వైపు చూస్తూ నిలబడింది. చిల్లులో చూపుడువేలు పెట్టింది. వేలు సగం దాకా పోయింది.

"మూయనా పిన్నీ?" అన్నాను.

"వద్దు. నన్ను ఇంటికి తీసుకెళ్ళు."

ఆమె పక్క సీట్లోనే కూర్చుంది, నేను నడిపాను. బోసి తలుపులోంచి గాలి ఈల వేస్తోంది. దారిలో తెలిసినవాళ్ళు చెయ్యి ఊపారు. కూరగాయల బండివాడు "అబ్బాయి కబురేమైనా తెలిసిందా ఉమ్ నదీమ్?" అని అరిచాడు.  ఆమె దారి పొడవునా వేలు ఆ చిల్లులోంచి తియ్యలేదు.

ఇంటి కింద ఇంజను ఆపాను. ఆమె దిగలేదు. ఎదురుగా అద్దంలోంచి వీధి చూస్తూ అడిగింది.

"సిరార్పీ, వాడు చచ్చిపోయాడు కదా?"

అంతకాలంలో ఆ మాట ఆమె నోట రాలేదు, ఆమె ముందు ఇంకెవరి నోటా రాలేదు.

"చచ్చిపోయాడు పిన్నీ" అన్నాను.

ఆమె తల ఊపింది. వేలు బయటికి తీసి, పెయింటు పొడి రుమాలుకు రాసుకుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగింది.

"పైకి రా. కాఫీ పెడతాను. చక్కెర వెయ్యను" అంది.

చావు వచ్చిన ఇంట్లో మా దగ్గర కాఫీకి చక్కెర వెయ్యరు. పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం ఇంటి తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఇద్దరమే ఉన్నా ఇరవై మందికి సరిపడా కాఫీ కాచింది. మొదటి చేదు కప్పు నాకే ఇచ్చింది. నేను నదీమ్ ఆత్మకు శాంతి కలగాలని పైకే అని తాగాను.