గేటు రాతి మీద నీలం గీత

డెంజిల్ ట్రెంబాత్ ఆ మంగళవారం కూడా బస్సులోనే వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ రూటులో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినదాన్ని, బస్సు మీద నాకేం కోపం? కోపమల్లా ఆ మనిషి మీదే. ఇంట్లో షెడ్డు కింద పెళ్ళికూతురిలా ముస్తాబైన కారు పెట్టుకుని ఈయన బస్టాపులో వణుకుతూ నిలబడతాడు. టీవీ వాళ్ళు దాన్ని బాగుచేసి ఇచ్చాక శీతాకాలం మొత్తం గడిచిపోయింది. ఒక్కసారైనా దాన్ని గేటు దాటించిన పాపాన పోలేదు. అడిగితే "వాన పడేలా ఉంది కెరెన్సా" అంటాడు. మా కార్న్‌వాల్‌లో వాన పడేలా లేనిదెప్పుడు?

మంగళవారం సాయంత్రాలు మేం నలుగురం ఊరి హాలు వెనక గదిలో చేరి "పాత బండికి కొత్త ఊపిరి" చూస్తాం. ఎవరి దగ్గరో మూలపడ్డ కారును ఏదో వంక చెప్పి పట్టుకెళ్ళి, కొత్తదానిలా చేసి, దుప్పటి కప్పి తెస్తారు. చివర్లో దుప్పటి లాగుతారు. ఓనరు ఏడుస్తాడు. మేమూ ముక్కులు తుడుచుకుని, ఆ వెంటనే ఆ ఎపిసోడ్‌ను చీల్చి చెండాడతాం. మాకో నియమం ఉంది. ప్రతివాళ్ళూ ఒక మెప్పు, ఒక సణుగుడు చెప్పాలి. సణుగుడు చెప్పని వాళ్ళకు కుంకుమపువ్వు బన్ను పెట్టం. ఆ బన్నులు జోరీ పాస్కో తెస్తాడు. వాడికి రేవు దగ్గర బేకరీ ఉంది. వాడి బన్ను వద్దన్నవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

ఆ వారం ఎపిసోడ్ మా డెంజిల్‌దే. భార్య టామ్సిన్ పోయాక అతను చెరువు ఎండిన చేపలా అయిపోయాడని, అతని పాత మోరిస్ కారు గురించి టీవీ వాళ్ళకు రాసింది జోరీయే. ఏటా చేయించే తనిఖీకి తీసుకెళ్తానని అబద్ధం చెప్పి తాళాలు పట్టుకెళ్ళిందీ వాడే. అందుకే ఆ సాయంత్రం వాడికి కాలు నిలవడం లేదు.

"వస్తుంది, వస్తుంది! ఇప్పుడే దుప్పటి లాగుతారు! డెంజిల్, నీ మొహం చూస్కో!"

"నా మొహం నేనెందుకు చూసుకోవడం రా, రోజూ గడ్డం గీసుకునేది నేనేగా" అన్నాడు డెంజిల్.

తెర మీద దుప్పటి జారింది. ఆకుపచ్చ మోరిస్. వెనక సగానికి కొత్త చెక్క చట్రం, తళతళలాడుతున్న అద్దాలు. తెర మీది డెంజిల్ నోరు తెరిచాడు, మూశాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఆ కార్యక్రమం నడిపే టోపీ పొడుగాయన అతని భుజం మీద చెయ్యేసి ఎలా ఉందని అడిగితే "బాగుంది. చాలా బాగుంది" అన్నాడు.

మా వాళ్ళ నోట "బాగుంది" అన్న మాటకు విలువెంతో నన్నడగండి. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఎలా ఉన్నారని అడిగినా, పర్లేదండీ, మీరెలా ఉన్నారు అంటారు. ఈ సంగతి తెలిసి కూడా ఆ రోజు నాకు బుర్ర వెలగలేదు.

"మెప్పు నేను మొదలెడతా" అని రిమోట్ అందుకున్నారు పెథెరిక్ మాస్టారు. బళ్ళో పాఠాలు చెప్పడం మానేసి చాలా ఏళ్ళైనా, బొమ్మను ఆపి తప్పు పట్టే సరదా ఆయనకు తగ్గలేదు. "ఆ రంగు చూడండి. పైన పూసిన చెత్తంతా గీకేసి అడుగునున్న అసలు రంగు పట్టుకున్నారు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజు సరిగ్గా ఇదే ఆకుపచ్చ!"

"పైన పూసిన చెత్త" అని డెంజిల్ మెల్లగా గొణిగాడు. అది నాకు మాత్రమే వినిపించింది.

"సణుగుడు?" అన్నాను నేను.

"అదీ ఉంది." మాస్టారు ఎపిసోడ్‌ను వెనక్కి తిప్పి, కారు డెంజిల్ వాకిట్లోకి వచ్చే చోట ఆపారు. "ఈ గేటు రాయి చూడండి. దాని మీద ఇంత పొడుగు నీలం గీత. కారేమో ఆకుపచ్చ. కెమెరా పెట్టేముందు ఆ రాయి కడుక్కోవద్దూ? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

జోరీ పకపకా నవ్వాడు. "అది టామ్సిన్ గీత కదా మాస్టారూ! ఊళ్ళో ఎవరికి తెలీదు? ఎప్పుడు వాకిట్లోకి తిప్పినా వెనక మడ్‌గార్డు ఆ రాయికి రాసేది. నా మెప్పు అదే. అన్నేళ్ళ సొట్టను ఎంత నున్నగా చేశారో! చెయ్యి పెడితే జారిపోతది. ఇక డెంజిల్, నీ వంతు."

"మెప్పు అన్నీ మీరే చెప్పేశారుగా."

"సణుగుడు?"

"నాకేం సణుగుడు ఉంటదిరా. అంతా బాగుంది."

"సణుగుడు లేకపోతే బన్ను లేదు బంగారం, నియమం నియమమే" అన్నాడు జోరీ. మా ఊళ్ళో అందరూ అందరికీ బంగారమే, చేపలమ్మే మనిషి నుంచి పళ్ళు పీకే డాక్టరు దాకా.

"బన్ను వద్దులే" అన్నాడు డెంజిల్.

టీ కప్పు కింద పెట్టేశాను.

"డెంజిల్ ట్రెంబాత్, శీతాకాలమంతా బస్సెక్కావు. ఇప్పుడు బన్ను కూడా వద్దంటున్నావు. ఏంటి సంగతి? చెప్పకపోతే నేనిక్కణ్ణుంచి కదలను, నిన్నూ కదలనివ్వను."

అతను చాలాసేపు చేతులు చూసుకున్నాడు. సముద్రంలో వలలు లాగిన చేతులు, వేళ్ళు సగం వంకర్లే.

"ఆ నీలం మేమేసిందే" అన్నాడు చివరికి. "పడవకు వేయగా మిగిలిన రంగు. పెళ్ళైన కొత్తలో నేనూ టామ్సినూ చెరో కుంచె పట్టుకుని వేశాం. కుంచె వెంట్రుకలు కూడా అందులోనే అంటుకుపోయాయి. ఆవిడ వాకిట్లోకి తిప్పేటప్పుడు నేను ముందు నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి. రా, రా, ఇంకాస్త రా అని. రాసుకునేది. దిగి నా మీద ఎగిరేది, 'నువ్వు రమ్మంటేనేగా వచ్చాను!' అని. నేను మళ్ళీ ఆ సొట్ట మీద పడవ రంగు పూసేవాణ్ణి. ఇదే మా కాపరం. దుప్పటి లాగేసరికి అక్కడ నున్నగా ఉంది. ఆవిడ లేదని నాకు తెలుసు. కానీ ఆవిడ తగిలించిన చోటు కూడా లేదు. ఏం చేయను, ఏడుపొచ్చింది."

జోరీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరి బాగుందన్నావే..."

"నువ్వు నా పక్కనే నిలబడి నాకంటే ఎక్కువ ఏడుస్తున్నావు గదరా నాయనా. ఇంకేమనను?"

మాస్టారు రిమోట్‌ను బల్ల మీద బోర్లా పెట్టారు. అప్పుడు డెంజిల్ అసలు మాట చెప్పాడు. ఆదివారం ట్రూరో నుంచి ఒకాయన కారు చూడటానికి వస్తున్నాడట. నచ్చితే కొనుక్కుపోతాడట. "బాగా చూసుకుంటాడు. ఆయనకదో అందమైన కారు. నాకు మాత్రం ఎవరిదో తెచ్చి నా షెడ్డులో పెట్టినట్టుంది."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అంత ప్రేమగా చేసిన పని ఒక మనిషిని అంతలా దోచేయడం చూసి, ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను నేనే తిట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం జోరీ నీలం రంగు డబ్బా పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరం కలిసి డెంజిల్ ఇంటికి వెళ్ళాం.

"మొత్తం మళ్ళీ నీలం వేసేద్దాం" అన్నాడు జోరీ. "నేనే వేస్తా. వెంట్రుకలు ఊడే కుంచె తెచ్చా."

డెంజిల్ వాడి తల నిమిరాడు. "నువ్వేస్తే నువ్వేసినట్టు ఉంటదిరా. అది అక్కడ పెట్టి లోపలికి రా, టీ తాగుదాం."

టీ తాగాక అతనే నా వైపు తిరిగాడు. "పిల్లా, రేపు వెళ్ళిపోయే కారు, ఒక్కసారి సముద్రం దాకా తిప్పుకొస్తావా? నా చేతులు దాని మీదకి పోవట్లేదు." నేను పిల్లనేమిటి, మనవలున్నదాన్ని. అయినా అతని నోట ఆ మాట బాగుంటుంది.

"తిప్పుతాను. ముప్ఫై ఏళ్ళలో నా బస్సు మీద గోరంత గీత పడలేదు, గుర్తుంచుకో" అన్నాను. ఈ మాట నేను అవకాశం ఉన్నప్పుడల్లా అంటాను. లేనప్పుడు కూడా అంటాను.

సన్నటి దారి, రెండు పక్కలా గోడల్లాంటి పొదలు, వాటి మొదట్లో పసుపు పూలు. ఎదురొచ్చిన ట్రాక్టరు వెనక్కి జరిగి మాకు దారిచ్చింది. అందులోని కుర్రాడు టీవీలో చూసిన కారని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. డెంజిల్ కూడా ఊపాడు. వెనక సీట్లో జోరీ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కొండ చివర కారాపి కాసేపు సముద్రం చూశాం. ఇంజను మాత్రం ఎప్పటిలాగే తుమ్ముతోందని డెంజిల్ ఒకసారి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కాస్త తేలికపడింది.

తిరిగొచ్చాం. గేటు ముందు కారు ఆపగానే, ఎవరూ చెప్పకుండానే డెంజిల్ దిగిపోయాడు. వాకిట్లోకి నడిచి, నా ఎదురుగా నిలబడి చెయ్యెత్తాడు.

"రా... రా..."

నేను ఎడమకు తిప్పాను. ముందు భాగం శుభ్రంగా లోపలికొచ్చింది. తోక మిగిలింది. పక్క అద్దంలో ఆ రాయి, దాని మీద నీలం గీత, దగ్గరకొస్తున్నాయి. ఇంకొక్క అడుగు ముందుకెళ్తే రాసుకుంటుంది. బ్రేకు మీద కాలు వేశాను.

"ఇంకాస్త రా" అన్నాడు డెంజిల్.

"కెరెన్సా, ఆగు, తగుల్తది!" అని వెనక నుంచి జోరీ అరిచాడు.

ఆ సంగతి నాకు తెలియదా? కానీ డెంజిల్ చెయ్యి ఆగలేదు. అతను నన్ను చూడటం లేదు. ఆ రాయినే చూస్తున్నాడు. అతని మొహంలో ఆశ చూశాను. దుప్పటి లాగినప్పుడు టీవీ వాళ్ళు వెతికింది అదే, అప్పుడు వాళ్ళకు దొరకలేదు. నా ముప్ఫై ఏళ్ళ పేరు ఒకసారి తలుచుకుని, బ్రేకు మీంచి కాలు తీశాను.

కర్ర్ర్‌మని చప్పుడు. జోరీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను తలుపు తోసుకుని దిగాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. అనుకోకుండానే మాట నోట్లోంచి వచ్చేసింది.

"నువ్వు రమ్మంటేనేగా వచ్చాను!"

డెంజిల్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గోడకు చేరగిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరాడకుండా నవ్వాడు. నవ్వు సగంలో ఏడుపైంది, మళ్ళీ నవ్వైంది. దగ్గరకొచ్చి మడ్‌గార్డు మీద కొత్త సొట్టను అరచేత్తో తడిమాడు. రాతి మీద నీలం గీత కింద ఇప్పుడు ఆకుపచ్చ గీత ఒకటి పడింది.

"టామ్సిన్ ఇంకాస్త పైకి తగిలించేది" అన్నాడు. "ఒరేయ్ జోరీ, మొహం మీంచి చేతులు తియ్యి. ఆ డబ్బా ఇలా పట్రా."

మరుసటి మంగళవారం బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళింది. అందులో డెంజిల్ లేడు. ఊరి హాలు కిటికీలోంచి మేం ముగ్గురం చూస్తుండగానే ఆకుపచ్చ మోరిస్ తుమ్ముకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనక మడ్‌గార్డు మీద అరచేయంత పడవ రంగు, నీలం, కిందికి కారి ఎండిపోయి ఉంది. కుంచె వెంట్రుకలు కూడా రెండు మూడు అంటుకున్నాయి. ట్రూరో ఆయన ఆదివారం వట్టిచేతులతోనే వెనక్కి పోయాడట. మాస్టారు దాన్ని చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు.

ఆ వారం ఎపిసోడ్ ఎవరిదో గుర్తులేదు. డెంజిల్ వంతు వచ్చినప్పుడు సణుగుడు ఏంటని అడిగాం.

"కెరెన్సాకు బండి నడపడం రాదు" అన్నాడు.

జోరీ పళ్ళెంలో అన్నిటికంటే పెద్ద బన్ను ఏరి అతనికి పెట్టాడు.