అంతరాయానికి చింతిస్తున్నాం

"కూసుండి బొమ్మలకు మాటలు రాసుడు గూడ ఒక నౌకరేనా?" అన్నాడు మా ఆయన గోవర్ధన్, అన్నంలో చారు పోసుకుంటూ. నేను మా అమ్మాయి తన్మయి టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. నౌకరే మరి. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక మేడ మీద మా కార్టూన్ స్టూడియో ఉంది. ఆదివారం ఆదివారం ఒక చానల్లో వచ్చే బొమ్మల కామెడీకి మాటలు రాసేది నేనే. వెనకటి దూరదర్శన్ సీరియళ్ళను వెక్కిరించడమే మా పని. పప్పులో ఉప్పు తక్కువైతే మా బొమ్మల వంటింట్లో ఉరుము ఉరుముతుంది. అత్త మొహం మూడుసార్లు దగ్గరగా చూపిస్తాం, తర్వాత పిల్లి మొహం కూడా మూడుసార్లు చూపిస్తాం.

అందులో మొగుడి మాటలకు నేను పెద్దగా కష్టపడింది లేదు. పొద్దున ఇంట్లో విన్నవి మధ్యాహ్నానికి రాసిస్తాను. "నా తువ్వాల యాడ పెట్టినవ్?" "పొద్దంత ఇంట్ల ఏం జేస్తవ్?" స్టూడియోలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇంట్లో గోవర్ధన్ కూడా అంతే నవ్వుతాడు. "వీడు అచ్చం మా వెంకటేశ్ గాడే" అంటాడు, స్నేహితుణ్ణి తలుచుకుని.

అన్నిటికంటే పేరొచ్చింది మాత్రం కోడలి ముచ్చట. ఆమె బదులు చెప్పడానికి నోరు తెరవగానే బొమ్మ ఆగిపోతుంది. తెర మీద ఒక పూలకుండీ, కింద "అంతరాయానికి చింతిస్తున్నాం" అనే బోర్డు. మా చిన్నప్పుడు టీవీ ఆగినప్పుడల్లా వచ్చిన బోర్డే. ఆ ఉపాయం నాదే. గర్వంగానే ఉండేది. ఒకసారి కోడలికి రెండు మాటలు రాసి తీసుకెళ్తే డైరెక్టర్ విశ్వేశ్వరరావు గారు కొట్టేశారు. "కోడలు మాట్లాడేస్తే ఇంకేం కామెడీ ఉంటుందండీ, విద్యావతి గారూ?" అన్నారు. నిజమే కదా అనుకున్నాను.

ఆ వానాకాలం నాకు నెలనెలా రక్తం ఆగకుండా పోయేది. చిక్కడపల్లిలో మా ఇంటి మెట్లెక్కితేనే కళ్ళు తిరిగేవి. హిమాయత్‌నగర్ డాక్టరమ్మ స్కాన్ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలి, ఆలస్యం చేయొద్దు అంది. భయం వేసింది. ఇంట్లో చెప్పుకుంటే, ఎవరైనా కాసేపు పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. రాత్రి వడ్డిస్తూ "మీతోని ఒక మాట" అన్నాను. గోవర్ధన్ నా మొహం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, గొంతు మార్చి "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్నాడు. అత్తమ్మకు నవ్వుతో పొలమారింది. తన్మయి చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను, నేను రాసిందే కదా! మర్నాడు ఆయన బండి తీస్తుంటే కదిపాను. మళ్ళీ చెయ్యి. శనివారం వెంకటేశ్ వచ్చి కూర్చున్నప్పుడు, ఇక సిగ్గు విడిచి "జర వినుండ్రి" అన్నాను. ఇద్దరూ కలిసి చేతులెత్తారు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకున్నాను. స్టూడియోలో బొమ్మలకు రంగులేసే సంధ్యకు చెప్పాను. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల. మాట పూర్తి కాకముందే "నేనొస్త అక్కా. రాత్రిపూట నేనే ఉంట" అంది. పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆదివారం మా కార్టూన్ అయిపోయాక టీవీ కట్టేసి, దాని ముందర నిలబడ్డాను.

"రేపు నాకు ఆపరేషన్. గర్భసంచి తీస్తరు."

గోవర్ధన్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ముందుగా అత్తమ్మే తేరుకుంది. "రేపా? మరి వంటెట్ల? పొల్ల బడికి పోవుడెట్ల?"

"నెలన్నర దాంక నేను బరువు ఎత్తొద్దు అత్తమ్మా. వంట మీ కొడుకు నేర్చుకుంటడు. దవాఖానకు నాతోని సంధ్య వస్తది."

గోవర్ధన్ మొహం ఎర్రబడింది. "గింత పెద్ద ముచ్చట ముందుగాల చెప్పొద్దా నాకు?"

ఆ మాట రాసిచ్చి ఉంటే స్టూడియోలో కుర్చీల్లోంచి పడిపడి నవ్వేవాళ్ళు. రాసివ్వదలుచుకోలేదు.

"చెప్పిన" అన్నాను. "మీరు నవ్విండ్రు."