కుళాయి చప్పుడు

"ఆ ఉత్తరాల సంగతి కాస్త చూడు" అంటారు మా ఆయన, పొయ్యి మీద పాలు చూడమన్నంత తేలిగ్గా. ఆయన నవలలు రాస్తారు. ఆడవాళ్ళ మనసు ఆయనకు కొట్టిన పిండి అని పాఠకుల నమ్మకం. ఆ పాఠకులకు జవాబులు రాసేది నేను. తన పేరు అచ్చు వేయించిన కాగితాల అడుగున ముందుగానే సంతకాలు చేసి, కట్ట నా బల్ల మీద పడేస్తారు. పైన రాత నాది, కింద పేరు ఆయనది.

ఒకప్పుడు రాతప్రతులు కూడా నేనే టైపు చేసేదాన్ని. ఈ కొత్త నవల మాత్రం బయట చేయించారు. "నీకెందుకులే శ్రమ" అంటే నా మీద జాలి కలిగిందనుకుని మురిసిపోయాను, వెర్రిమొహాన్ని. అచ్చయ్యాక చదవడానికి తీరిక దొరకలేదు. చదవకుండానే జవాబులు రాసేస్తున్నాను. కథంతా పాఠకులే చెబుతారు, నేను కృతజ్ఞతలు చెబుతాను.

ఇవాళ ఒక నర్సు రాసింది. నవలలో భార్య వంటింటి కుళాయి విప్పి, కింద ఒక గిన్నె బోర్లించి, ఆ చప్పుడు చాటున ఏడుస్తుందట. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుందట. పక్క గదిలో ఉన్న భర్తకు ఏమీ వినపడదట, పాపం. "నాదీ ఇదే బతుకండీ. పెట్టె సర్దుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను. మీ పుస్తకం చదివాక, మా ఆయనకూ వినపడలేదేమో, వినపడితే వచ్చేవారేమో అనిపించి పెట్టె విప్పేశాను. మీరు మగవారు, మీకు తెలుస్తుంది. నిజంగానే వినపడదా అండీ?"

ఆ బోర్లించిన గిన్నె నాది. నీళ్ళు నేరుగా పడితే చప్పుడు చాలదని నేను కనిపెట్టిన ఉపాయం. మా అమ్మకు కూడా చెప్పలేదు. గ్రంథాలయంలో నా ఉద్యోగం మానిపించిన ఏడాది సంగతి అది. "రాసుకునే మనిషి ఉన్న ఇల్లు, అలికిడి ఉండకూడదమ్మా" అన్నారు అత్తగారు. "నువ్వు ఇంట్లో ఉంటేనే నాకు వాక్యం కదులుతుంది" అన్నారు ఈయన. ఆయన వాక్యాలు కదలడం కోసం నేను కదలడం మానేశాను. తలుపులు వేళ్ళతో పట్టుకుని మూసేదాన్ని. ఆయన నడకకు వెళ్ళాకే మిక్సీ వేసేదాన్ని. ఆ ఇంట్లో నాకు చెల్లుబాటైన చప్పుడు గిన్నెలు కడగడం ఒక్కటే. అందుకే ఏడుపును దాని కింద దాచుకున్నాను.

పుస్తకం తీసి చూశాను. అంతా ఉంది. ముక్కు చీదే ముందు కుళాయి ఇంకాస్త తిప్పడం కూడా ఉంది. ఒళ్ళు మండిపోయింది. పుస్తకం పట్టుకుని ఆయన గది తలుపు దడాలున తోశాను.

"ఇదంతా మీకు వినపడేదా?"

పేజీ చూసి, మెచ్చుకోలుగా తలూపారు. "వినపడబట్టేగా అంత సహజంగా వచ్చింది."

"మరి ఒక్కసారైనా లేచి రాలేదేం?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "వస్తే నువ్వు ఆపేసేదానివి కదా."

నా బల్ల దగ్గరికి వచ్చేశాను. వినపడి ఉండదులే అనుకునే ఇన్నేళ్ళూ నేనూ సంసారం నెట్టుకొచ్చాను. చెవిటివాడిని క్షమించొచ్చు. చెవులు రిక్కించుకుని కూర్చున్నవాడిని ఏమనాలి? పైగా పుస్తకంలో ఆ భర్తకు చెవుడు అంటగట్టి తను గట్టెక్కారు. ఆ చెవుడు నమ్మి ఎక్కడో ఒకావిడ సర్దుకున్న పెట్టె విప్పుకుంది. నా పేరుతో రాస్తే ఆమెకు నేనెవరో తెలియదు. ఆమె అడిగింది ఆయన్ని. ఆయనే చెప్పాలి.

కట్టలోంచి ఒక కాగితం లాగి, ఈసారి కృతజ్ఞతలేవీ లేకుండా రాశాను.

"వినపడుతుందమ్మా. నాకు ప్రతిసారీ వినపడింది. కావాలనే లేవలేదు. పుస్తకంలో అబద్ధం రాశాను. అది నమ్మి విప్పిన పెట్టె మళ్ళీ సర్దుకోండి."

కవరు అంటించేముందు ఆయనకొకసారి చూపించాలేమో అనిపించింది. అక్కర్లేదు. సంతకం ఆయన ఎప్పుడో పెట్టేశారు.