ఉప్పు చూసే చెయ్యి

"ఉప్పు చూడుండ్రి అత్తమ్మా," అంటూ సుధారాణి గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చింది. అరుగు మీద బీడీలు చుడుతున్న సాలవ్వ చాటను పక్కకు జరిపి, తంబాకు అంటిన కుడిచేతిని కొంగుకు తుడుచుకుని అరచెయ్యి చాపింది. కోడలు గరిటె వంచితే వేడి కూర షేర్వా చుక్క అందులో పడింది. సాలవ్వ నాకి, కళ్లు చికిలించి కాసేపు ఆలోచించి, "పడ్డది. కారమే జర తక్కువున్నది," అని తీర్పు చెప్పింది.

ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో ప్రతి ఐతారం జరిగే ముచ్చటే ఇది. యాటకూర కడిగేది సుధ. పసుపూ ఉప్పూ పట్టించేది, అల్లం వెల్లుల్లి నూరేది, పొయ్యి దగ్గర చెమటలు కక్కేది, అందరూ తిన్నాక జిడ్డు గిన్నెలు తోమేదీ సుధే. నోట్లో మాత్రం చుక్క వేసుకోదు. ఆమె మాంసం తినదు.

తినదంటే తినదు, దాని వెనక కథేమీ లేదు. జనానికే కథ కావాలి. చిన్నప్పుడు నువ్వు పెంచుకున్న మేకపిల్లను కోశారా అని అడుగుతారు. వాళ్లింట్లో మేకలే లేవు. మొక్కుకున్నావా అంటారు. లేదు. డాక్టర్ వద్దన్నాడా? అదీ లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ తునక నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు, దిగనిదాన్ని బలవంతంగా దింపుకోవాలని ఆమెకు అనిపించలేదు. ఇంతే సంగతి. కానీ "నాకు ఇష్టం లేదు" అని ఒక ఆడది అంటే దాన్ని జవాబు కింద ఎవరు జమ కడతారు? దేవుడు వద్దన్నాడంటే ఒప్పుకుంటారు. డాక్టర్ వద్దన్నాడంటే ఒప్పుకుంటారు. మొగుడు వద్దన్నాడంటే ఒప్పుకోవడమేమిటి, మెచ్చుకుంటారు కూడా. తనంతట తానే వద్దనుకుందా, ఇంకేముంది, దీనికెంత పొగరు!

పెళ్లయిన కొత్తలో గాంధారిలో ఆడబిడ్డ ఇంట్లో దావత్ జరిగింది. కొత్తకోడలు అన్నంలో ఇంత చారు పోసుకుని, వడ్డించిన తునకల్ని పళ్లెం అంచుకు జరిపింది. చూసినవాళ్లు ఊరుకుంటారా, సాలవ్వ చెవిన వేశారు. సాలవ్వ అందరి ముందరే నిలేసింది: "ఏందే, మా కూడు నీకు నీచమైందా? నువ్వు ఏ బాపనోళ్లింట్ల పుట్టినవ్? నీ అవ్వగారోళ్లు తింటలేరా?" ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో సుధకు తెలియక కాదు. తినే తిండి పేరు చెప్పి తమవాళ్లను ఊరి వాకిళ్లలో ఎంత దూరాన నిలబెట్టారో, వాళ్ల దోసిళ్లలోకి నీళ్లు ఎంత ఎత్తు నుంచి పోశారో తన పుట్టింట్లోనూ విన్నదే. ఊరంతా చేసిన పనినే ఇంటికొచ్చిన పిల్ల కూడా చేస్తోందనుకుని సాలవ్వ కడుపు మండింది. కాదని ఎట్లా నమ్మించాలో సుధకు తెలియలేదు. నీచం కాదు, చూడండి, నా చేతులతోనే కడుగుతున్నాను, నా చేతులతోనే వండుతున్నాను అన్నట్టుగా ఆ రోజు నుంచి వంట మీద వేసుకుంది. వేసుకున్నది ఇక దిగలేదు. అందరికీ కూర అయ్యేసరికి తనకంటూ ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టే ఓపిక ఉండదు. పచ్చిపులుసో, మామిడి తొక్కో వేసుకుని నాలుగు మెతుకులు తింటుంది. "నీదేముందే, తొక్కు ఉంటే నీకు పండుగనే," అంటాడు మొగుడు సంపత్, బొక్క చీకుతూ. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చిలో బంతి కూర్చుంటే, "సుధక్కకు పెరుగున్నదా చూడుండ్రి," అని ఎవరో అరుస్తారు, ఒక్కోసారి ఉంటుంది.

ఇంట్లో ఇట్లా ఉంటే, పనిచోట ఇంకో తీరు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఆమె ఉద్యోగం. పక్క సీటులో కూర్చునే అనిల ఒకరోజు సుధ డబ్బాలోకి తొంగిచూసి, "నువ్వు తినవా? నిజంగనా? మీవాళ్లు తింటరు గదా," అంది. అనిల చెడ్డదేం కాదు, నవ్వుతూనే అంది. మీవాళ్లట! ఇంట్లోనేమో బాపనమ్మ, ఇక్కడేమో అబద్ధాలకోరు. ఒక్క మనిషి తన నోట్లోకి ఏది పోవాలో తాను అనుకున్నందుకు ఎంతమందికి సంజాయిషీ ఇచ్చుకోవాలి!

ఆ ఉద్యోగానికి పోవడం ఒక యుద్ధం. తెల్లవారుజామునే లేచి అందరికీ వండి, కూతురు బుజ్జిని బడికి తయారుచేసి, తాను బస్సు ఎక్కాలి. ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సు. టికెట్టు లేనట్టే సీటూ లేదు. లింగంపేట దాటాక ఎవరైనా దిగితే కూర్చోవాలి, లేకపోతే కామారెడ్డి దాకా కమ్మీ పట్టుకుని వేళ్లాడాలి. సాయంత్రం మళ్లీ అదే బస్సు, అదే కమ్మీ, దిగాక అదే పొయ్యి. కామారెడ్డిలోనే ఒక ఇల్లు కిరాయికి దొరికితే చాలు ప్రభువా అని ఆమె ప్రార్థన చేయని రోజు లేదు.

ఆ ఐతారం తింటూ తింటూ సంపత్ ఆ వార్తే చెప్పాడు. అతను డీసీఎం బండి నడుపుతాడు. అందులో సరుకు ఎత్తించే లింబాద్రి ఒక ఇల్లు చూశాడట. "నీ ఆసుపత్రి ఎనకాలనే. నడిసి పోవచ్చు. గేటుకు బోర్డు ఉన్నదట, శాకాహారులకు మాత్రమే అని. ఇంకేంది, నిన్ను చూపిస్తె అయిపోతది! ఇన్నేండ్లకు నీ తొక్కు మెతుకులు పనికొచ్చినయ్ పో!" అని పెద్దగా నవ్వాడు. పెళ్లయినాక ఆమె తిండి గురించి అతను మంచిమాట అనడం అదే మొదలు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అప్పుడే అన్నీ ఆలోచించేశాడు. మనం ఎవరం తినం. గోడమీది బాపు ఫోటో మీద శిలువ ఉన్నది గనక, అది పెట్టెలోనే ఉండాలి. చనిపోయిన ఆ తండ్రి పేరు అబ్రాహాము; ఇంటావిడ అడిగితే అబ్బయ్య అని చెప్తాడు.

"మరి అత్తమ్మ తినేదెట్ల?" అంది సుధ.

"ఐతారం ఐతారం ఈడికొచ్చి వండుదువు. తిని, వాసన పోయినంక మల్ల పోదం."

దొంగచాటుగా తినాలన్నా వండేది తనే. సుధ సాలవ్వ వైపు చూసింది. ఆమె తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా, "నాదేముందిరా, ఇంక ఎన్నొద్దులు తింట," అంది. 

నిజం చెప్పాలంటే సుధకు ఆ ఇల్లు కావాలి. ఎంత కావాలంటే, ఆడబోయే అబద్ధాలన్నిటినీ ముందే కడిగి పక్కన పెట్టుకుంది. నేను తినను, అది అబద్ధం కాదుగా? అడిగితే నా సంగతే చెప్తాను. మిగతావి చెప్పేది సంపత్. నా నోటితో నేను ఒక్క అబద్ధం ఆడకుండానే ఇల్లు వచ్చేస్తుంది. ఇన్నేళ్లూ అందరూ ఈసడించిన ఈ నోరే నాకొక ఇల్లు సంపాదించి పెడుతుందంటే కాదనడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? ఇట్లా అనుకుంటూ ఆ రోజు కూడా జిడ్డు గిన్నెలు తోమింది.

ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరినీ చూడాలని ఇంటావిడ కబురు పెట్టడంతో సాలవ్వ కూడా బయల్దేరింది. ఇంటావిడ పేరు పద్మప్రియ. నవ్వుమొహం. వసారాలో సాలవ్వకు కుర్చీ చూపించింది కానీ, సాలవ్వ అలవాటు కొద్దీ మెట్టు మీదే కూర్చుంది. పద్మప్రియ సుధను వంటింట్లోకి తీసుకుపోయింది. గట్టు ముందర కిటికీ, కిటికీలోంచి వెలుతురు, కొళాయి తిప్పితే నీళ్లు. ఏ వాసనా లేదు. ఈ గట్టు మీద ఒక్క తోటకూర వండుకుని వేడివేడిగా తినొచ్చు కదా అనిపించి సుధ దాని మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"నువ్వు తినవా అమ్మా? మొదటి నుంచేనా?" అంది పద్మప్రియ.

"మొదటి నుంచే మేడం."

"ఎవరన్నా చెప్పిండ్రా?"

"లేదు. నాకే ఇష్టం లేదు."

"ఎంత మంచిదమ్మా! నీ ముఖం చూస్తేనే తెలుస్తది." ఆమె ఆ మాట ప్రేమగానే అంది. సుధ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇష్టం లేదు అన్న మాటను ఒకరు అడ్డుప్రశ్న లేకుండా ఒప్పుకోవడం ఆమె జన్మలో ఇదే మొదటిసారి. ఇద్దరూ వసారాలోకి వచ్చారు. పద్మప్రియ ఇంకా అదే ప్రేమతో, "తినేటోళ్లకు ఇల్లు ఇయ్యం అంటె ఏమేమో అంటరు గానీ, వాళ్ల దగ్గర ఒక వాసన ఉంటదమ్మా. ఎంత కడుక్కున్నా ఆ చేతులకు పోదు. పక్కన కూసోలేం," అంది.

మెట్టు మీద కూర్చున్న సాలవ్వ విన్నది. ఒడిలో ఉన్న కుడిచేతిని మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. ఎవరూ చూడలేదనుకుంది పాపం. సుధ చూసింది.

"పెద్దమ్మ గూడ తినదు గదా?" అంది పద్మప్రియ.

"మా అవ్వ ఎప్పుడో బంద్ జేసింది మేడం," అన్నాడు సంపత్. సాలవ్వ తల ఊపింది. గాంధారిలో దావత్ మధ్యలో నిలబడి కోడల్ని కడిగేసిన మనిషి, చెయ్యి దాచుకుని తల ఊపింది. సుధ ఒక అడుగు ముందుకు వేసింది. 

"తింటది మేడం," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా అత్తమ్మ తింటది, మా ఆయన తింటడు, మా బిడ్డ తింటది. వండేది నేను. నేను నోట్లె పెట్టుకోను గనక అత్తమ్మ చేతులనే పోసి ఉప్పు చూపిస్త. మా మామ పేరు అబ్రాహాము. నేను తిననిది నాకిష్టం లేక. అంతేగని, తినేటోళ్లకన్న మంచిదాన్నయి కాదు."

 "అయ్యో, గా ముచ్చట ముందుగాల్నే చెప్పాలె గదమ్మా," అంది పద్మప్రియ. నవ్వు పోకుండానే లోపలికి వెళ్లి వంటింటి కిటికీ మూసింది.

గేటు దాటగానే సంపత్ ఎగిరిపడ్డాడు. "అడిగిందా నిన్ను? ఎవరు చెప్పమన్నరు? చేతికొచ్చిన ఇల్లు పోగొడితివి. వేలాడు, బస్సులల్ల వేలాడు, నీ బతుకంతే!" అని బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు బస్టాండుకు నడిచారు. ఆ మాట అబద్ధమేం కాదని సుధకు తెలుసు. రేపు పొద్దున మళ్లీ అదే కమ్మీ. బస్సులో సాలవ్వకు సీటు దొరికింది, సుధ పక్కన నిలబడింది. ఊళ్లు దాటిపోతున్నాయి. లింగంపేటలో ఎవరో దిగితే సుధ కూడా కూర్చుంది. అప్పుడు సాలవ్వ నోరు విప్పింది.

"మా కూడు నీకు నీచమనుకున్న బిడ్డా. గిన్నేండ్లు గట్లనే అనుకున్న."

"నీచమైతే నా చేతులతోని వండుదునా అత్తమ్మా?"

"మరెందుకు తినవే?"

"ఇష్టం లేదు."

సాలవ్వ ఆ మాటను నోట్లో పెట్టుకుని చూస్తున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "నాకు తలకాయకూర ఇష్టం లేకుండె," అంది. "మీ మామకు పానం. ఆయన తెచ్చేటోడు, నేను వండేదాన్ని, తినేదాన్ని. దినాం కడుపుల తిప్పేది. ఇష్టం లేదని చెప్పచ్చని నాకు ఎవరు చెప్పిండ్రు?" కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి కోడలి మోకాలి మీద వేసింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా తీయలేదు.

మళ్లీ ఐతారం వచ్చింది. సంపత్ మాంసం కవరు తెచ్చి గట్టు మీద పెట్టి, "కడుగు," అన్నాడు. పొయ్యి మీద చిక్కుడుకాయ కూర ఉడుకుతోంది. సుధ కదల్లేదు.

"నువ్వు కడుగు. ఎట్ల వండాల్నో చెప్త. నేను వండ."

"ఏందీ? ఆడ అంత పెద్ద నోరు చేస్తివి, వండేది నేనే అని!"

"ఆడ జరిగేది చెప్పిన. ఈడ నా ఇష్టం చెప్తున్న."

 ఇంతకాలం ఇంట్లో ఆఖరి మాట తల్లిదే కాబట్టి సంపత్ అరుగు వైపు తిరిగి, "అవ్వా, చూస్తున్నవా దీని తీరు?" అని అరిచాడు.

"చూస్తున్న కొడుకా," అంది సాలవ్వ, చాటలోంచి తల ఎత్తకుండా. "రెండు నీళ్ల మంచిగ కడుగు. ఉప్పు కావాల్నంటె నేను చూస్త."

అతను ఆ కవరు వంక, ఆ ఇద్దరి వంక మార్చి మార్చి చూశాడు. చాలాసేపటికి గిన్నెలోకి నీళ్లు వంచుకున్న చప్పుడైంది. సుధ మూత తీసి, గరిటెతో చిక్కుడుకాయ పులుసు తీసి, ఆ ఇంట్లో కాపురానికి వచ్చాక మొదటిసారి తన అరచేతిలోనే వంచుకుంది. నాకి చూసింది. ఉప్పు సరిపోయింది.