పాముల పురిటిగది

ఆ గది కట్టింది అన్నెగ్రెట్. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే హామ్ ఊళ్ళో జరిగే పెంపుడు పాముల సంతలో ఫోల్కర్ ఫోను తీసి కనపడ్డవాడికల్లా ఫోటోలు చూపిస్తూ "నా గది, నా గది" అంటుంటే, పక్కనే నిలబడ్డ పెళ్ళాం వంక ఒక్కడూ తిరిగి చూడలేదు. ఆ మహానుభావుడికి గోడకి మేకు కొట్టడం కూడా సరిగా రాదు. ఆమె ఇరవై ఏళ్ళు మాంసం కంపెనీలకి చలిగదులు బిగించిన మనిషి.

పక్క ఊళ్ళో కసాయి దుకాణం మూతపడితే దాని చలిగది పలకలు విప్పి తెచ్చింది. వాటిని ఇంటి నేలమాళిగలో నిలబెట్టి, అతుకుల్లో గట్టిపడే నురుగు నింపి, గోడల వెంట కరెంటుతో వేడెక్కే తీగ పరిచి, గాలి తిరగడానికి చిన్న ఫ్యాను పెట్టింది. మనిషి తల వంచకుండా నడిచి వెళ్ళేంత గది తయారైంది. మూడు పక్కలా అరలు, అరల్లో డబ్బాలు, డబ్బాల్లో పొదగడానికి పెట్టిన కొండచిలువ గుడ్లు. కోడిగుడ్లలా వీటిని తిప్పకూడదు. తల్లి పెట్టినప్పుడు ఏ వైపు పైనుందో చివరిదాకా ఆ వైపే పైనుండాలి. అందుకని ఒక్కో గుడ్డు నెత్తిన ఫోల్కర్ పెన్సిల్‌తో చుక్క పెట్టేవాడు, ఊపిరి బిగబట్టి, పసిపాపకి దిష్టిచుక్క పెట్టినంత మురిపెంగా.

"చలిగది గోడలు వేడినెలా ఆపుతాయే అమ్మాయ్?" అని అడిగింది పక్కింటి ముసలావిడ హెడ్విగ్, పలకలు దించుతుంటే కంచె మీదనించి తొంగిచూసి.

"గోడకి ఆ తేడా తెలీదు పిన్నీ. లోపలున్నదాన్ని లోపలే ఉంచడం దాని పని."

"మా ఆయనా అంతేలే, ఏదీ బయటపడనిచ్చేవాడు కాదు. మొత్తానికి పాములకి పురిటిగది కడుతున్నావన్నమాట! ఓ మంచం కూడా వెయ్యి, బాలింతలకి."

తలుపుకి లోపలివైపు అన్నెగ్రెట్ ఒక ఆకుపచ్చ పిడి బిగించింది. చలిగదులు కట్టేవాళ్ళెవరూ అది లేకుండా తలుపు పెట్టరు. లోపల చిక్కుకున్న మనిషి దాన్ని తోస్తే చాలు, తలుపు తెరుచుకోవాలి. ఫోల్కర్ పగలబడి నవ్వాడు.

"పాములకి చేతులెక్కడివే, అది తొయ్యడానికి?"

"పాములకి కాదు, మనుషులకి."

"మనుషులకి అక్కడేం పని?"

అప్పట్లో ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

శరదృతువులో ఆపరేషన్ చేసి ఆమె గొంతులో థైరాయిడ్ గ్రంథి తీసేశారు. అప్పటినించీ ఎముకల్లోంచి చలి. ఇంట్లో హీటర్లు పదహారు డిగ్రీల దగ్గర ఆపేశాడు ఫోల్కర్. గది కరెంటే తడిసి మోపెడవుతోంది, ఇల్లు కూడా వెచ్చబెట్టుకునే యోగం మనకి లేదన్నాడు. ఇల్లంతా ఐసుగడ్డలా ఉంటే కింద గుడ్లు మాత్రం ముప్ఫై ఒక్క డిగ్రీల్లో హాయిగా పడుకున్నాయి. ఒకరోజు బట్టలు ఉతకడానికి కిందికి దిగిన అన్నెగ్రెట్, స్టూలు ఒకటి లాక్కుని ఆ గదిలో కూర్చుంది. వేళ్ళలోకి రక్తం వచ్చింది. ఏడుపొచ్చింది కూడా, సుఖానికి. ఆ తర్వాత రోజూ వెళ్ళి కూర్చునేది.

గది వేడి ఎప్పుడెంత ఉందో ఫోల్కర్ ఫోనులో గీతలు గీతలుగా కనిపిస్తుంది.

"లోపలెవరు కూర్చుంటున్నారు?" అని నిలదీశాడు.

"నేనే. చలేసి."

"మనిషి దూరితే వేడి ఎగుడుదిగుడవుతుంది, తేమ పోతుంది. ఆమాత్రం తెలీదా? చలేస్తే స్వెట్టరేసుకో. గుడ్లు స్వెట్టరేసుకోలేవు కదా!"

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. మర్నాడు బయట తాళం పెట్టాడు. కొక్కెం వంకరగా బిగించాడు. ఆ వంకర చూడలేక ఆమే విప్పి సరిచేసింది. అంత పిచ్చిది. తన ఇంట్లో, తను కట్టిన గదికి, తనను రానివ్వకుండా పెట్టిన కొక్కెం.

మార్చి చివర్లో ఒక శనివారం తడి మంచు కురిసి కరెంటు తీగలు తెగిపడ్డాయి. మధ్యాహ్నానికి ఊరంతా చల్లారింది. ఫోల్కర్ కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసుకెళ్ళి గదికి చుట్టాడు. సోఫాలో ముడుచుకున్న అన్నెగ్రెట్ మీది రజాయి కూడా లాగేశాడు. హెడ్విగ్ వచ్చి కిటికీ తట్టింది.

"మా ఇంట్లో కట్టెల పొయ్యి మండుతోందే. దుంపల సూప్ కాచాను. ఇద్దరూ రండి."

"తనకి పనుంది, రాదు," అని ఫోల్కర్ కిటికీ మూసి, భార్య వైపు తిరిగి ముద్దుపేరుతో పిలిచాడు. "గ్రెటా, కిందికి రా. లోపల కూర్చుందాం."

కూర్చుందాం అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె మనసు కరిగిపోయింది. తాళం తీసి, స్టూలు అతనే వేశాడు. ఆమె కూర్చుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"కోటు విప్పెయ్," అన్నాడు.

"ఎందుకు?"

"ఒంటి వేడి కోటులోనే ఉండిపోతుంది. మనిషంటే ఒక పెద్ద బల్బుతో సమానమట, ఎక్కడో చదివాను. స్వెట్టరు కూడా తీసెయ్."

ఆమె తీసేసింది. చొక్కాతో, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. అతను టార్చి వెలుగులో థర్మామీటరు వంకే చూస్తున్నాడు. చాలాసేపటికి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అర డిగ్రీ పెరిగింది! గ్రెటా, నువ్వు భలే పనికొస్తావే!"

ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి ముద్దు.

"నేను కూర్చుంటే గుడ్లు పాడైపోతాయన్నావుగా?" అంది ఆమె.

"అప్పుడు కరెంటుంది కదా."

అతను హేళనగా అనలేదు. నిజంగానే అది జవాబనుకున్నాడు. అదే ఆమెకి భరించలేనిదయింది. లేచి స్వెట్టరేసుకుంది, కోటు తొడుక్కుంది, ఆకుపచ్చ పిడి మీద చెయ్యి వేసింది.

"ఎక్కడికి?"

"హెడ్విగ్ ఇంటికి."

"తలుపు తియ్యకు! వేడంతా పోతుంది!"

"అవును, పోతోంది," అంది.

పిడి ఒక్క తోపుకే తెరుచుకుంది. గుడ్లు చేసిన పాపమేమీ లేదు కాబట్టి, బయటికొచ్చి తలుపు జాగ్రత్తగా నొక్కి మూసింది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది, అతను పిలుస్తాడేమోనని. లోపలినించే పిలిచాడు.

"గ్రెటా, తలుపు సరిగ్గా పడిందా?"

"పడింది," అని చెప్పి పైకెక్కింది.